పాలనాశాస్త్రం – ప్రభుత్వోద్యోగం

'పాలన' అంటే కాపాడటం. దానికి 'పరి' అనే ఉపసర్గ చేరినప్పుడు ఆ కాపాడటం అన్ని వైపులకూ విస్తరిస్తుంది. అదే పరిపాలన. ఆంగ్లంలో దీనికి సమానంగా వాడే 'అడ్మినిస్ట్రేషన్' అనే పదం సేవ చేయడమనే అర్థం గల లాటిన్ క్రియ నుండి పుట్టింది. ఒక భాషలో రక్షణ, మరొక భాషలో సేవ ప్రధానమయ్యాయి. అయితే ప్రభుత్వ కార్యాలయం మెట్లెక్కిన సామాన్యునికి చాలాసార్లు ఈ రెండింటికన్న ముందు ఎదురయ్యేది నిరీక్షణ.

ఒక గ్రామంలో ఒంటరిగా జీవించే ఒక వృద్ధురాలికి ప్రతినెలా అందే పింఛను హఠాత్తుగా ఆగిపోయిందనుకొందాం. లబ్ధిదారుల జాబితాలో ఆమె మరణించినట్లు పొరపాటున నమోదైంది. ఆమె గ్రామ పంచాయతీ కార్యాలయానికి వెళుతుంది. జాబితాను సవరించే అధికారం తనకు లేదని అక్కడి ఉద్యోగి మండల కార్యాలయానికి పంపుతాడు. గ్రామం నుండి నివేదిక వస్తే తప్ప తాము ఏమీ చేయలేమని మండల కార్యాలయం వారు చెబుతారు. జిల్లా కేంద్రంలో, కంప్యూటరులో వివరాలు మార్చే పని వేరొక శాఖదని తెలుస్తుంది. వీరిలో ఎవరూ ఆమెను కసురుకోలేదు, లంచం అడగలేదు, నిబంధనను అతిక్రమించలేదు. అయినప్పటికీ నాలుగు నెలలు గడిచినా పింఛను రాలేదు. అందరూ సక్రమంగానే ఉన్నప్పుడు పని ఎందుకు జరగలేదు? ప్రభుత్వ పాలనాశాస్త్రం ప్రధానంగా పరిశీలించేది ఇటువంటి ప్రశ్ననే.

ఈ శాస్త్రం ఆధునిక రూపం ధరించింది 19వ శతాబ్ది చివరి భాగంలో. ఆనాటి అమెరికాలో ఎన్నికల్లో గెలిచిన పక్షం తన అనుయాయులకు ఉద్యోగాలను పంచిపెట్టే ఆచారం ఉండేది. 1881లో ఉద్యోగం దొరకలేదన్న అక్కసుతో ఒక వ్యక్తి అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చగా, ఆ గాయాలతో ఆయన మరణించాడు. 1883లో ప్రతిభ ఆధారంగా నియామకాలు జరగాలనే పెండిల్టన్ చట్టం వచ్చింది. మరి నాలుగేళ్లకు, 1887లో, కళాశాలలో అధ్యాపకుడుగా ఉన్న వుడ్రో విల్సన్ పాలనను ప్రత్యేకంగా అధ్యయనం చేయవలసిన అవసరాన్ని వివరిస్తూ ఒక వ్యాసం ప్రచురించాడు. చట్టాలు చేయడం ఒక పని, వాటిని సమర్థంగా అమలు జరపడం మరొక పని, ఈ రెండవ దానికి ప్రత్యేకమైన జ్ఞానం కావాలి అనేది ఆయన వాదం. తరువాతి కాలంలో ఆయనే అమెరికా అధ్యక్షుడయ్యాడు.

ఇది పాశ్చాత్యుల చరిత్ర. భారతదేశంలో ఈ ఆలోచన ఎంతో పాతది. మైసూరు పండితుడు ఆర్. శామశాస్త్రి 1905లో వెలుగులోకి తెచ్చి 1909లో ముద్రించిన కౌటిల్యుని అర్థశాస్త్రంలో 15 అధికరణాలున్నాయి. వాటిలో రెండవదైన అధ్యక్షప్రచారం పూర్తిగా వివిధ శాఖల అధిపతుల విధులను నిర్దేశిస్తుంది. ఖజానా సొమ్మును ఉద్యోగులు కాజేసే మార్గాలు నలభై అని కౌటిల్యుడు లెక్కపెట్టి మరీ చెప్పాడు. నేటి ఆడిట్ అధికారులు ఆ జాబితా చదివితే అందులో తమకు తెలియనివి బహుశా కొద్దిగానే ఉంటాయి.

తెలుగు సాహిత్యానికీ ఈ విషయం కొత్త కాదు. నన్నయ తెనిగించిన సభాపర్వంలో నారదుడు ధర్మరాజు కొలువుకు వచ్చి కుశలప్రశ్నలు వేస్తాడు. అవి నిజానికి పాలనపై జరిపిన తనిఖీ. సైనికులకు జీతాలు సకాలంలో ఇస్తున్నావా, చెరువులు నిండుగా ఉన్నాయా, రైతుకు విత్తనానికీ అప్పుకూ కొరత లేకుండా చూస్తున్నావా అని మూలభారతంలో ఆ ముని అడిగిన తీరు చూస్తే, ఒక పై అధికారి జిల్లా సమీక్షా సమావేశం నిర్వహిస్తున్నట్లు తోస్తుంది. ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసంలో యామునాచార్యుడు రాజ్యం విడిచి వెళుతూ కుమారునికి బోధించిన రాజనీతిలో దుర్గాలు, మంత్రులు, రేవులు, చెరువులు అన్నింటి ప్రస్తావన ఉంది. అది రాసిన కవి స్వయంగా సామ్రాజ్యాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు. కనుక ఆ మాటలకు అనుభవం తోడైంది. బద్దెన నీతిశాస్త్ర ముక్తావళి, మడికి సింగన సకలనీతి సమ్మతము కూడా ఈ కోవకు చెందినవే. అయితే ఆ గ్రంథాలన్నీ రాజుకు చెప్పినవి. ఆధునిక పాలనాశాస్త్రం మాట్లాడేది రాజుతో కాదు. రాజ్యాంగానికి బద్ధుడై, పౌరునికి జవాబు చెప్పవలసిన ఉద్యోగితో. ఈ భేదం చిన్నది కాదు.

పైన చెప్పిన వృద్ధురాలి ఉదంతానికి తిరిగి వస్తే, ఈ శాస్త్రం నేర్పే భావనలు ఎంత ఉపయోగకరమైనవో తెలుస్తుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ ఉద్యోగిస్వామ్యానికి కొన్ని లక్షణాలు చెప్పాడు. అధికార శ్రేణి, లిఖిత నిబంధనలు, దస్త్రాలు, ప్రతిభను బట్టి నియామకం, వ్యక్తికీ పదవికీ మధ్య స్పష్టమైన విభజన వాటిలో ముఖ్యమైనవి. ఇవి లేకపోతే అధికారి ఇష్టమే చట్టమవుతుంది. ఇవి మాత్రమే ఉంటే, దస్త్రం సక్రమంగా ఉండి మనిషికి అన్యాయం జరగవచ్చు. లూథర్ గులిక్ 1937లో పాలకుని పనులను ఏడుగా విభజించాడు. ప్రణాళిక, వ్యవస్థీకరణ, సిబ్బంది నియామకం, నిర్దేశం, సమన్వయం, నివేదన, ఆయవ్యయాల నిర్వహణ అనేవి ఆ ఏడు. వృద్ధురాలి విషయంలో లోపించింది ఐదవదైన సమన్వయం. మూడు కార్యాలయాలూ తమ తమ పనిని చేశాయి, కాని ఆ మూడింటినీ కలిపే బాధ్యత ఎవరిదీ కాలేదు.

హెర్బర్ట్ సైమన్ 1947లో మరొక కోణం చూపాడు. ఏ అధికారికీ సంపూర్ణ సమాచారం గాని, అపరిమితమైన సమయం గాని ఉండదు. ఉన్నంతలో తృప్తికరమైన నిర్ణయం తీసుకొంటాడు అని ఆయన సిద్ధాంతం. ఈ కృషికి గుర్తింపుగా 1978లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మైకేల్ లిప్‌స్కీ 1980లో రాసిన గ్రంథం కింది స్థాయి ఉద్యోగిని కేంద్రంగా చేసుకొన్నది. ప్రజలతో నేరుగా వ్యవహరించే పోలీసు, ఉపాధ్యాయుడు, సంక్షేమ శాఖ గుమాస్తా తమ విచక్షణతో తీసుకొనే చిన్న చిన్న నిర్ణయాలే ఆచరణలో ప్రభుత్వ విధానంగా పరిణమిస్తాయని ఆయన నిరూపించాడు. వృద్ధురాలి దృష్టిలో ప్రభుత్వమంటే రాజధానిలోని సచివాలయం కాదు. బల్ల అవతల కూర్చున్న ఆ ఒక్క ఉద్యోగే.

స్వాతంత్ర్యానంతరం ఈ శాస్త్రానికి భారతదేశంలో ఆదరణ పెరిగింది. అమెరికా నిపుణుడు పాల్ ఆపిల్‌బీ 1953లో సమర్పించిన నివేదిక ఫలితంగా 1954లో భారత ప్రభుత్వ పాలనా సంస్థ ఢిల్లీలో ఏర్పడింది. హైదరాబాదు ఈ రంగంలో ఒక ముఖ్య కేంద్రంగా ఎదిగింది. 1956లో బెల్లావిస్టా భవనంలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి నెలకొన్నది. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి ప్రత్యేక శాఖ ఉంది. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే ప్రారంభమై, అనంతర కాలంలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరును ధరించి, కళాశాలకు వెళ్లలేనివారికి సైతం ఈ పాఠాలను తెలుగులో అందించింది. పాలనావేత్తల సిద్ధాంతాలపై దేశమంతటా విద్యార్థులు చదివే ఆంగ్ల గ్రంథానికి సంపాదకులైన రవీంద్రప్రసాద్, వి.ఎస్. ప్రసాద్, సత్యనారాయణ తెలుగు నేలపై పనిచేసిన ఆచార్యులే.

డిగ్రీ స్థాయిలో విద్యార్థి చదివే విషయాలు స్థూలంగా పాలనా సిద్ధాంతాలు, భారత పాలనా వ్యవస్థ, సిబ్బంది నిర్వహణ, ఆర్థిక పాలన, స్థానిక ప్రభుత్వాలు. వీటిలో మొదటిది కొంత నీరసంగా అనిపించవచ్చు. చివరి రెండు మాత్రం నిత్యజీవితానికి అతి సమీపమైనవి.

స్థానిక పాలన చరిత్రనే తీసుకొంటే, తెలుగువారి అనుభవం ఒక పాఠ్యపుస్తకానికి సరిపడినంత ఉంది. బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో చేసిన సిఫార్సుల మేరకు 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్ ప్రారంభం కాగా, ఆ వెంటనే నాటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో ఆంధ్రప్రదేశ్ దానిని ఆరంభించింది. 1984లో వంశపారంపర్యంగా వస్తున్న కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యాయి. మరుసటి ఏడాది తాలూకాల స్థానంలో సుమారు 1100 మండలాలు ఏర్పడ్డాయి. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించింది. రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాలూ వేర్వేరు దారులు తొక్కాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు ప్రారంభమైతే, తెలంగాణలో 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది, 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది. కార్యాలయాన్ని ఊరికి దగ్గరగా తెస్తే పని తేలికవుతుందా, లేక అధికారం కూడా దానితోపాటు కిందికి రావాలా? మండల కార్యాలయం పది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, నిర్ణయాధికారం జిల్లా కేంద్రంలో ఉంటే ఆ వృద్ధురాలికి ప్రయాణం తగ్గదు. శాస్త్ర పరిభాషలో దీనిని అధికార దత్తతకు సంబంధించిన సమస్య అంటారు.

ఆర్థిక పాలన చదివినవారికి వార్తాపత్రికలో ప్రతి ఏటా మార్చి నెలలో కనిపించే ఒక మాట అర్థమవుతుంది. 'నిధులు మురిగిపోయాయి' అనేదే ఆ మాట. రాజ్యాంగంలోని 202వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఆదాయ వ్యయాల అంచనాను శాసనసభ ముందుంచాలి. సభ ఆమోదించిన సొమ్మును సాధారణంగా ఆ సంవత్సరం మార్చి 31 లోపునే ఖర్చు చేయాలి. ఆ గడువు దాటితే ఆ అనుమతి చెల్లదు. అందువల్లనే ఏడాదంతా నిద్రించిన బిల్లులు ఆఖరి వారంలో ఖజానా కార్యాలయం ముందు బారులు తీరుతాయి. ఖర్చుపై శాసనసభకు అదుపు ఉండాలన్న మంచి నియమమే హడావుడి ఖర్చుకు కూడా దారి తీస్తుంది. ఒక నిబంధన ఎందుకు పుట్టిందో, దాని వల్ల ఏ అనుకోని ఫలితం కలుగుతుందో ఏకకాలంలో చూడగలగడం ఈ చదువు ఇచ్చే గొప్ప లాభం.

దస్త్రాల నిర్వహణ కూడా చెప్పుకోదగినదే. పూర్వపు మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న జిల్లాల్లో టోటెన్‌హామ్ పద్ధతి అనేది అమలులో ఉండేది. వచ్చిన ప్రతి తపాలుకూ ఒక సంఖ్య ఇచ్చి, ప్రతి గుమాస్తా తన రిజిస్టరులో దానిని నమోదు చేసి, ఏ రోజు ఏ చర్య తీసుకొన్నదీ రాయవలసి ఉండేది. నేడు కార్యాలయాల్లో ఈ-ఆఫీసు వచ్చింది. కాగితం పోయి తెర వచ్చినా, దస్త్రం ఎవరి వద్ద ఎన్ని రోజులు ఆగిందో తెలుసుకోవడమనే సూత్రం మాత్రం పాతదే.

ఇక విద్యార్థులు, వారి తల్లిదండ్రులు సాధారణంగా వేసే ప్రశ్న ఒకటుంది. ఈ డిగ్రీ చదివితే ప్రభుత్వోద్యోగం వస్తుందా? దీనికి సూటిగా సమాధానం చెప్పడం అవసరం. కేవలం ఈ డిగ్రీ వల్ల రాదు. సివిల్ సర్వీసుల పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. గ్రూప్-1 లోని డిప్యూటీ కలెక్టరు, మండల పరిషత్ అభివృద్ధి అధికారి వంటి పదవులకు పాలనాశాస్త్రమే చదివి ఉండాలన్న నియమం లేదు. రిజర్వు బ్యాంకు గవర్నరులుగా పనిచేసిన ఇద్దరు తెలుగువారు తొలుత ఐ.ఏ.ఎస్. అధికారులే. వారిలో వై.వి. రెడ్డి ఆర్థికశాస్త్రం చదివినవారు. దువ్వూరి సుబ్బారావు భౌతికశాస్త్రం చదివి 1972లో సివిల్ సర్వీసుల పరీక్షలో దేశంలోనే ప్రథమ స్థానం పొందినవారు. ప్రవేశ ద్వారం అందరికీ తెరిచే ఉంది, కాని ఇరుకైనది. 2024 సివిల్ సర్వీసుల పరీక్షకు సుమారు 10 లక్షల మంది దరఖాస్తు చేయగా, 5.8 లక్షల మందికి పైగా ప్రాథమిక పరీక్ష రాశారు. చివరకు ఎంపికైనవారు 1009 మంది.

అయితే ఈ చదువు ఆ ద్వారం వద్ద సాయపడదనుకోవడం కూడా పొరపాటే. ప్రధాన పరీక్షలో ఐచ్ఛిక విషయానికి ఒక్కొక్కటి 250 మార్కుల చొప్పున రెండు పత్రాలున్నాయి. 1987 నుండి పాలనాశాస్త్రం ఐచ్ఛికాల జాబితాలో ఉంది. ఒక పత్రం సిద్ధాంతాలకు, రెండవది భారత పాలనకు సంబంధించినది. ఒకానొక కాలంలో దీనిని ఎంచుకొన్నవారు వేల సంఖ్యలో ఉండేవారు. 2013లో ఐచ్ఛిక విషయాలను రెండు నుండి ఒకటికి తగ్గించడం, ప్రశ్నల తీరు కఠినం కావడం వంటి కారణాల వల్ల ఆ సంఖ్య బాగా తగ్గింది. కనుక ఇది తేలికైన విషయమని విని తీసుకోవడం మంచిది కాదు. అదే 2013లో మరొక మార్పు జరిగింది. సామాన్య అధ్యయనంలో పాలన, సామాజిక న్యాయం, నైతికత అనే అంశాలకు ప్రాధాన్యం పెరిగింది. ఆంధ్రప్రదేశ్ గ్రూప్-1 ప్రధాన పరీక్షలో రాజ్యాంగం, పాలన, చట్టం, నైతికతలపై ఒక పత్రం ఉంది. తెలంగాణలోనూ సమాజం, రాజ్యాంగం, పాలనలపై పత్రం ఉంది. ఈ అంశాలను ఇతర శాస్త్రాల విద్యార్థులు శిక్షణ కేంద్రాల్లో కొత్తగా నేర్చుకొంటారు. పాలనాశాస్త్ర విద్యార్థి వాటిని మూడేళ్లపాటు నింపాదిగా చదివి ఉంటాడు. సివిల్స్ ప్రధాన పరీక్షను, గ్రూప్-1ను తెలుగులోనే రాసే అవకాశం ఉన్నదన్న సంగతి కూడా విద్యార్థులు గుర్తించవలసినది.

ప్రభుత్వోద్యోగాన్నే లక్ష్యంగా పెట్టుకొన్నవారు కాలాన్ని గురించి కూడా ఆలోచించాలి. తెలంగాణలో 503 గ్రూప్-1 పదవులకు 2022 ఏప్రిల్‌లో ప్రకటన వెలువడింది. అక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రాలు బయటపడిన కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో తిరిగి జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. చివరకు 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటనను ఉపసంహరించి 563 పదవులకు కొత్త ప్రకటన ఇచ్చారు. ఈ మధ్యకాలంలో అభ్యర్థుల వయస్సు ఆగలేదు, అశోక్‌నగర్ గదుల అద్దెలు ఆగలేదు, ఇంటి నుండి డబ్బు పంపే తండ్రి అప్పు కూడా ఆగలేదు. తన తప్పు ఏమీ లేకుండానే ఒక యువకుడు రెండేళ్లు కోల్పోవచ్చు. అందువల్ల ఎన్ని సంవత్సరాలు ప్రయత్నించాలి, ఆ లోపున ఏ ఇతర అర్హత సంపాదించుకోవాలి అనే నిర్ణయం మొదటి ప్రకటన రాకముందే జరగడం మేలు.

ఇతర మార్గాలు లేకపోలేదు. స్నాతకోత్తర విద్య పూర్తిచేసి జాతీయ అర్హతా పరీక్ష ద్వారా అధ్యాపక, పరిశోధక వృత్తులకు వెళ్లవచ్చు. గ్రామీణాభివృద్ధి పథకాలను పరిశీలించే సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, నగరపాలక సంస్థలతో కలిసి పనిచేసే సలహా సంస్థలు ఈ చదువు ఉన్నవారిని తీసుకొంటాయి. ఆర్థిక అవసరం తీవ్రంగా ఉన్నవారు ఇంటర్మీడియట్ అర్హతతోనే పోలీసు కానిస్టేబుల్ వంటి ఉద్యోగంలో చేరి, సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివి, ఆపై పెద్ద పరీక్షలు రాయడం కూడా చూస్తున్నదే. ఆ దారి పొడవైనదే గాని, నడుస్తున్నంతకాలం చేతిలో జీతం ఉంటుంది.

ఈ చదువుకు అసలైన పరీక్ష ఉద్యోగంలో చేరిన తరువాత మొదలవుతుంది. 1957లో ఐ.ఏ.ఎస్.లో చేరి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ జీవితం ఇందుకు నిదర్శనం. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన వెట్టి పోలేదు. దానిని ఊరూరా అమలు జరిపించడానికి పట్టుబట్టినవారిలో ఆయన ముఖ్యుడు. దళిత, గిరిజన బాలల వసతిగృహాల బాగోగులను ఆయన స్వయంగా చూసేవాడు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా పదవీ విరమణ చేశాడు. పద్మభూషణ్ పురస్కారాన్ని స్వీకరించలేదు. 2010లో మరణించాడు. నిబంధనలకు లోబడి కూడా అధికారి పేదవాని పక్షాన నిలబడవచ్చునా అన్న ప్రశ్నను తరగతి గదిలో చర్చించడానికి ఆయన జీవితం కన్న మంచి ఉదాహరణ దొరకడం కష్టం. అటువంటి అధికారులు ఎక్కువమంది ఉన్నారని చెప్పలేము.

వ్యక్తుల మంచితనంపైనే ఆధారపడకుండా వ్యవస్థనే జవాబుదారీగా చేయడం మరొక మార్గం. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రకారం పౌరుడు పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే సాధారణంగా 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఆ పథకంలో ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీని విస్తృతంగా చేపట్టి, 2009లో అందుకోసం ఒక ప్రత్యేక సంస్థనే నెలకొల్పింది. ఊరి యువకులు మస్టరు రోళ్లు చేతబట్టి ఇంటింటికీ వెళ్లి, ఎన్ని రోజులు పని చేశారు, ఎంత కూలి అందింది అని విచారించేవారు. ఆ వివరాలను గ్రామసభలో అందరి ఎదుట చదివేవారు. పనికి రానివారి పేర్లు, లేనివారి వేలిముద్రలు అక్కడ బయటపడేవి. ఆ సభలో అధికారి జవాబు చెప్పే పక్షాన, కూలి ప్రశ్నించే పక్షాన నిలబడ్డారు. పాలనాశాస్త్రం చదివిన విద్యార్థికి ఈ రెండు పక్షాలూ తెలిసి ఉండాలి.

చివరగా భాషను గురించి ప్రస్తావించాలి. తెలుగు కచేరీ భాష ఒక వింత మిశ్రమం. తహసీలు, జిల్లా, దస్తావేజు, మంజూరు, ఖజానా మొదలైనవి అరబ్బీ, పారశీక భాషల నుండి వచ్చినవి. ఒకే భూమి పత్రాన్ని కోస్తాలో అడంగల్ అనీ, తెలంగాణలో పహాణీ అనీ వ్యవహరించారు. ఈ పదాలు జనం నోట నలిగి తెలుగు మాటలైపోయాయి. వాటి వల్ల ఇబ్బంది లేదు. ఇబ్బంది కలిగించేది ఆంగ్ల వాక్యాన్ని మక్కికి మక్కి తెలుగు చేసిన తాఖీదు. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షుడుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. అయినా ఆ వృద్ధురాలికి ఇప్పటికీ ఇటువంటి తాఖీదు అందే అవకాశం ఉంది: "తమరు సమర్పించిన అర్జీ పరిశీలించబడి, అర్హతా నిర్ధారణకు అవసరమగు పత్రములు జతపరచబడియుండనందున తదుపరి చర్య నిమిత్తము తిప్పి పంపబడినది." ఈ వాక్యంలో ఆమెకు తెలిసే విషయం ఒక్కటీ లేదు. ఏ పత్రం కావాలో లేదు, ఎవరికి ఇవ్వాలో లేదు, ఎప్పటిలోగా ఇవ్వాలో లేదు.

పాలనాశాస్త్రంతోపాటు తెలుగును కూడా శ్రద్ధగా చదివిన ఉద్యోగి అదే తాఖీదును ఇలా రాయగలడు: "అమ్మా, జాబితాలో పొరపాటున మీరు మరణించినట్లు నమోదు కావడం వల్ల మీ పింఛను ఆగింది. దీనిని సరిచేయడానికి మీ ఆధార్ కార్డు నకలు, రేషన్ కార్డు నకలు కావాలి. వాటిని ఈ నెల 15వ తేదీలోగా మీ ఊరి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. ఆయన విచారణ జరిపి నివేదికను మాకు పంపుతారు. మీరు మండల కార్యాలయానికి రానక్కరలేదు." ఈ రెండవ తాఖీదు మొదటి దానికన్న పొడవైనది. రాయడానికి గుమాస్తాకు మరి ఐదు నిమిషాలు పడుతుంది. ఆమెకు మాత్రం ఒక పూట కూలీ, రానుపోను బస్సు ఛార్జీ మిగులుతాయి.